నిన్నటి పేజీ నేను రాస్తాను

(ప్రాంతీయ కార్యాలయం సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



‘పని ఒత్తిడిలోనూ ఉల్లాసంగా ఉండటం ఎలా?’ అన్నది నాకిచ్చిన విషయం. ఎంబీఏలో దీని మీద ఒక పేపరే రాశాను, మంచి మార్కులు కూడా వచ్చాయి. నెలాఖరులో నా మొహం చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. మా ఆవిడ అసలే నమ్మదు. అందుకని పుస్తకం సంగతి పక్కనపెట్టి, నేను చూసిన ఒక ఆఫీసు గురించి చెబుతాను.

అది దోర్నపాల్ ఆరోగ్య కేంద్రంలో లెక్కలు, రిపోర్టులు చూసే గది. భద్రాచలం నుంచి చింతూరు, కుంట దాటి సుక్మా వైపు జాతీయ రహదారి మీద వెళ్తే ఛత్తీస్‌గఢ్‌లో తగిలే ఊరు దోర్నపాల్. అక్కడి సంతలో హిందీ, గోండి, హల్బీ, మన తెలుగు అన్నీ వినిపిస్తాయి. 2022లో నేను ఆ వైపు శాఖలో ఉన్నాను. తెలుగు వచ్చు కదా అని నన్ను అక్కడికి పంపారు.

పని చిన్నదే అనుకున్నాను. ఛత్తీస్‌గఢ్‌లో పల్లె తల్లి ఆసుపత్రిలో ప్రసవిస్తే జననీ సురక్షా యోజన కింద 1,400 రూపాయలు ఆమె ఖాతాలో పడాలి. ఖాతాలో పేరు, ఆసుపత్రి పంపిన పేరు కలవకపోతే చెల్లింపు వెనక్కి పోతుంది. అలా వెనక్కి పోయినవి 41 ఉన్నాయి. వాటిలో చాలావాటి మీద ‘పేరు సరిపోలలేదు’ అని రాసి పంపింది నేనే.

ఆ గదిలో ముగ్గురు మనుషులు, రెండు బల్లలు, గోడ పొడవునా రిజిస్టర్లు. బస్తర్‌లో 2020 జనవరి నుంచి మలేరియా నిర్మూలనకు పెద్ద కార్యక్రమం నడుస్తోంది. జ్వరం ఉన్నా లేకపోయినా ఇంటింటికీ వెళ్లి, వేలి నుంచి రక్తపు చుక్క తీసి అందరికీ పరీక్ష చేస్తారు. ఒంట్లో మలేరియా ఉండి కూడా జ్వరం లేకుండా తిరిగేవాళ్లు ఉంటారు కాబట్టి అలా చేయాలి. బయటపడితే మందు వేయించాలి. వైవాక్స్ రకమైతే ఒక మాత్ర 14 రోజులు వాడాలి. అన్ని రోజులు మింగారో లేదో మితానిన్లు, అంటే మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్లు, కనుక్కుని చెప్పాలి. అదంతా చివరికి ఈ గదికే కాగితాలై వస్తుంది. ప్రసవాలు, టీకాల లెక్కలు దీనికి అదనం.

మొదటిరోజు వెళ్లేసరికి లోపల నవ్వులు. పని లేదేమో అనుకున్నాను. పెద్ద సిస్టర్ ఒక ఫారం నా ముందు పెట్టారు. ఆవిడది కుంట వైపు తెలుగు కుటుంబం.

“చూడండి సార్. ఈ పిల్లకి మీ దగ్గర ఒక పేరు, మా దగ్గర ఒక పేరు, ఆధార్‌లో ఇంకోటి. వాళ్లాయన మాత్రం ‘ఏమే’ అంటాడు. ఏది రాయమంటారు?”

నెట్ పోయినప్పుడల్లా కంప్యూటర్ ముందున్న కుర్రాడు “రైలు ఆగింది!” అని అరిచేవాడు. వెంటనే ముగ్గురూ చేతిరాత రిజిస్టర్ల మీద పడేవారు. ఊరికి రైలు లేదు కదా, ఈ రకంగానైనా ఆ మాట అనుకుంటామన్నాడు. మన శాఖలో సర్వర్ ఆగితే ముందు టీ తెప్పించుకుంటాం, తర్వాత హెడ్డాఫీసును తిట్టుకుంటాం. నేనూ అంతే.

మూడోరోజు ఫిట్స్‌తో ఒక చిన్నపిల్లాడిని తెచ్చారు. మలేరియా ముదిరిపోయింది. అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపారు. సాయంత్రానికి కబురొచ్చింది, పిల్లాడు దక్కలేదని. ఆ పూట ఎవరూ నవ్వలేదు. ధైర్యంగా ఉండండి, నవ్వుతూ ఉండండి అని ఎవరూ ఎవరికీ చెప్పలేదు కూడా. దీపాలు ఆర్పి ఇళ్లకు వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున కుర్రాడు రిజిస్టరు తెరిచి అలాగే కూర్చుండిపోయాడు. సిస్టర్ వచ్చి దాన్ని తన వైపుకు లాక్కున్నారు.

“నిన్నటి పేజీ నేను రాస్తాలే నాయనా. నువ్వు ఇవాళ్టిది మొదలుపెట్టు.”

మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో పని పంపకం గురించి చాలా చదివాను. బరువైన పేజీని ఇలా లాక్కోవడం గురించి వాటిలో ఎక్కడా లేదు. ఆ గదిలోని నవ్వు ఎక్కడి నుంచి వస్తోందో నాకు అప్పుడు తెలిసింది. మధ్యాహ్నానికి మళ్లీ “రైలు ఆగింది” వినపడింది. గొంతు కొంచెం తగ్గింది, అంతే.

ఆ రోజు నుంచి నేనూ ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. 41 మందిని ఒక్కొక్కరిగా పిలిపించి, ఆధార్ చూసి, వేలిముద్ర తీసుకుని, పేర్లు సరిచేశాం. వాళ్లలో ఒకావిడ ఈ డబ్బు కోసం అంతకుముందు మూడుసార్లు వచ్చి వెళ్లిందట, చంకలో బిడ్డతో. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ ఒక ఖాతా నంబరు, నేను వేసిన ఒక గీత.

వారం తర్వాత డబ్బు పడింది. ఆవిడ మళ్లీ వచ్చింది. నన్ను చూసి సిస్టర్‌తో గోండిలో ఏదో అంది. గదిలో అందరూ పగలబడి నవ్వారు. ఏమంది అని అడిగాను.

“నాకు మూడు పేర్లున్నాయని అన్నిసార్లు తిప్పారే, మరి ఈ సారుకి ఎన్ని పేర్లు అంటోంది.”

లెక్కపెట్టాను. సర్టిఫికెట్లలో ఒకటి, బ్యాంకు కార్డు మీద పొడి అక్షరాలతో ఒకటి, అమ్మ పిలిచేది ఒకటి. మా ఆవిడ పిలిచే నాలుగోది మాత్రం ఆవిడకు చెప్పలేదు, మీకూ చెప్పను.