తోడు దొరకని పరుగు
(అనకాపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లలూ ఆటలూ అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఒకే గ్రౌండులో పరిగెత్తిన ముగ్గురి సంగతి చెబుతాను. అందులో నేనొకదాన్ని.

1977లో ఈ చుట్టుపక్కలే ఒక హైస్కూల్లో పదో తరగతి చదివేవాళ్లం. సున్నంతో గీసిన ట్రాకు మీద, ఉత్త కాళ్లతో, పరికిణీలు ఎగదోపుకుని పరిగెత్తేవాళ్లం. 1500 మీటర్లలో నా స్నేహితురాలే ఎప్పుడూ ఫస్టు. నేను సెకండు. మగపిల్లల పందెంలో మా క్లాసు అబ్బాయి ఒకడు మూడోవాడుగానో నాలుగోవాడుగానో వచ్చేవాడు.

జిల్లా పోటీల్లో ఆమె గెలిచింది. రాష్ట్ర పోటీలకు వెళ్లాలి. వెంట వచ్చే టీచరమ్మ లేదు. "తోడెవరెల్తారు?" అన్నాడు వాళ్ల నాన్న. మా బావ వస్తానన్నాడు కాబట్టి ఆమె బదులు నన్ను పంపారు. ఆ సర్టిఫికెట్టుతోనే నాకు వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణలో సీటొచ్చింది. ఆ అబ్బాయికి సైన్యం భర్తీలో మైలు పరుగు కలిసొచ్చింది. ఇప్పుడు పింఛను తీసుకుంటున్నాడు. అందరికంటే ముందున్న మనిషికి ఆ వేసవిలోనే పెళ్లి చేశారు. తర్వాత ఏళ్ల తరబడి బెల్లం గానుగ దగ్గర చెరకు మోసింది.

మొన్నీమధ్య కలిసి, సర్టిఫికెట్లేమయ్యాయని అడిగాను. "ఆ కాగితాలా? ఎప్పుడో పొయ్యిలోకి పోనాయే" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

ఇది ఒక్క మా ఊరి కథ కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలు 800 మీటర్లు పరిగెత్తారు. పందెం అయ్యాక అలిసిపోయారన్న నెపంతో ఆ పోటీని 1960 దాకా మళ్లీ పెట్టలేదు. స్త్రీల మారథాన్ 1984లో గానీ రాలేదు. మన సైన్యం స్త్రీలను జవాన్లుగా తీసుకోవడం మొదలుపెట్టింది 2019లో, అదీ మిలిటరీ పోలీసు విభాగంలో. మా అబ్బాయి ఎక్కిన మెట్టు నా స్నేహితురాలికి అప్పట్లో లేనే లేదు.

ఇప్పుడు కాలం మారిందిగా అంటారు. నిజమే. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లింది. అందరం గర్వపడదాం. కానీ గెలిచిన ఒక్కరిని చూపించి, మధ్యలో ఆగిపోయిన వాళ్ల లెక్క మరిచిపోవద్దు.

నా సర్వీసులో తోడు లేదని ఏ పిల్లనూ ఆపనివ్వలేదు. నేనే వెళ్లాను. పెళ్లిళ్లు మాత్రం చాలా ఆపలేకపోయాను.

మీ మీ ఊళ్లలో మూడు పనులు చేయండి. పోటీలకు వెళ్లే ఆడపిల్లల వెంట ప్రభుత్వ ఖర్చుతో టీచరమ్మను పంపమని అడగండి. సర్టిఫికెట్ల నకళ్లు బడిలోనే దాచమనండి. గెలిచిన ఆడపిల్లలు అయిదేళ్ల తర్వాత ఎక్కడున్నారో, మగపిల్లలు ఎక్కడున్నారో పక్కపక్కన రాయండి.

ఆ పట్టికలో మొదటి పేరు నా స్నేహితురాలిది రాసుకుంటాను. ఆ రోజు ఆమె బదులు వెళ్లింది నేనే కదా.