తెర వెనుక దీపము

తోలుబొమ్మలాట చూచినవారికి ఒక సంగతి తెలియును. తెల్లని తెర వెనుక దీపము వెలుగుచున్నంతసేపే బొమ్మలు మనకు కానవచ్చును. దీపమారినచో బొమ్మ అక్కడనే యుండును గాని, చూచువారికి చీకటియే మిగులును. నేడు మన యిండ్లలోని పలుచని టెలివిజన్ తెరల తీరును ఇంచుమించు ఇట్టిదే.

కొంతకాలము క్రిందట మా యింట ఒక సాయంకాలము వార్తలు వినబడుచుండగనే బొమ్మ మాయమయ్యెను. ఒక దుకాణమువారు తెర పోయినదనియు, క్రొత్త టీవీ కొనుట మేలనియు చెప్పిరి. మా వీధి మెకానిక్కు మాత్రము గదిలో లైట్లార్పించి, టార్చిలైటును తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టెను. వార్తలు చదువుచున్నవారి ముఖము లీలగా అగపడెను. "తెరకేమీ కాలేదండీ, లోపలి లైటే పోయింది" అని అతడనెను.

ఈ తెరలలో పెక్కింటియందు బొమ్మను కూర్చునది ద్రవస్ఫటికమను పదార్థము. దీని వింత గుణమును 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ రైనిట్జర్ గమనించెను. దీనికి స్వయముగా వెలుగు లేదు. విద్యుత్ప్రేరణకు లోబడి, వెనుకనుండి వచ్చు కాంతిని ఒకచోట పోనిచ్చును, వేరొకచోట అడ్డగించును. ఆ కాంతినిచ్చునదే బ్యాక్‌లైటు. పూర్వము ఇందుకు పాదరసపు ఆవిరి గల సన్నని గాజుగొట్టములుండెడివి. తరువాత ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. నీలికాంతి నిచ్చు దీపముపై పసుపువన్నె పూత పూయగా తెల్లని వెలుగు ఏర్పడును. అట్టి నీలిదీపమును సాధించినందులకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. ఓలెడ్ తెరలకు మాత్రము వెనుక దీపముతో పనిలేదు. వానిలో ప్రతి చుక్కయు తానే వెలుగును.

ఎల్.ఇ.డి. దీపములను పట్టీలపై ఒకదాని వెంట నొకటిగా కూర్తురు. దండలో ఒకచోట దారము తెగినట్లు, ఒక్క దీపము మాడినను వరుస యంతయు ఆరిపోవును. పెక్కు టీవీలలో అంతట సరఫరాయే ఆగిపోవును. తెర క్షణకాలము వెలిగి ఆరుట దీనికి గుర్తు. దీపముపై నుండు చిన్న కటకము ఊడినచో తెల్లని మచ్చ కానవచ్చును. పూత చెడినచో తెర నీలివన్నెకు తిరుగును.

మరమ్మతునకు మోడల్ నంబరును, వోల్టేజీని సరిచూచి, పట్టీలన్నియు ఒకేసారి మార్పించుట మంచిది. పాతవానిలో మిగిలినవియు వేడికి అలసియే యుండును. గాజుపలక మిక్కిలి పెళుసు. ప్లగ్గు తీసిన పిమ్మటను కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండవచ్చును. కావున మూత తెరచుట తెలిసినవారికే వదలవలెను. గాజు పగిలినచో మరమ్మతు ఆశ విడువవచ్చును.

మా టీవీ నాటినుండి చక్కగా పనిచేయుచున్నది. బ్యాక్‌లైటు వెలుగును కొంత తగ్గించి యుంచుచున్నాము. వేడి తగ్గిన కొలది దీపమునకు ఆయువు పెరుగును. మాట వినబడుచు బొమ్మ కానరానప్పుడు, క్రొత్తదానికై బజారునకు పోవుటకు ముందు, ఒక్కసారి టార్చిలైటు తెప్పించుకొని చూడవలెనని మా మనవి.