బండి లాగడం లేదంటే

లోడుతో ఘాట్ ఎక్కుతుండగా డీజిల్ పికప్ ఉన్నట్టుండి లాగడం మానేస్తుంది. స్కానర్ పెడితే పీ0087 అని కోడు. కామన్ రైలులో, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలో, ఒత్తిడి చాలడం లేదని దానర్థం. వెంటనే 'పంపు పోయింది' అంటారు. తొందరపడి తలూపకండి, హైప్రెషర్ పంపు చాలా ఖరీదు.

ముందు ట్యాంకు వైపు నుంచి రండి. ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయింది? అడుగున నీళ్లు చేరాయా? తర్వాత ఫిల్టరుకూ పంపుకూ మధ్య లోపల కనిపించే గొట్టం బిగించి ఇంజన్ నడపండి. బుడగలు పోతుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. ట్యాంకులో కరెంటు పంపు లేని బళ్లలో ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టం పగిలినా ఇంజన్ నడిచేటప్పుడు చుక్క కారదు, గాలి మాత్రం లోపలికి దూరుతుంది. అందుకే ఈ లోపం కంటికి దొరకదు.

అదీ బాగుంటే ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకు తలో సీసా తగిలించండి. ఒక సీసా మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండితే, ఒత్తిడి జారిపోతున్నది అక్కడే. వీటన్నిటి తర్వాతే పంపు మాట.

ఇంజన్ నడుస్తుండగా రైలు గొట్టాల నట్లు వదులు చేయకండి. లోడు మీద అక్కడ 1000 బార్ దాటుతుంది. కారుతోందేమోనని చేత్తో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. ఆ సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూదిమొనంత గుర్తే ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పండి.