రంగు ఎవరిది, దాని అర్థం ఎవరిది?

(జనగామ ప్రాంత గ్రామ కార్యకర్తలు, గోడలకు బొమ్మలు వేసే యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడాల్సిన చోట మేము రంగుల గురించి మాట్లాడుతున్నమేందని మీలో కొందరికి అనిపించొచ్చు. రంగు కూడా భూమి లాంటిదే. తవ్వింది ఒకరు, నూరింది ఒకరు, పట్టా మాత్రం ఇంకొకరి పేరు మీద ఉన్నది. ఏ రంగు అందమైందో, ఏ రంగు అశుభమో చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో, ఆ పట్టా సంగతి ఇవ్వాళ మాట్లాడుకుందాం.

మన నేల నుంచే మొదలుపెడదాం. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్టలున్నాయి. అక్కడి రాతి ఆవాసాల్లో ఆదిమ మానవులు వేసిన బొమ్మలు 1990లో వెలుగులోకి వచ్చాయి. దున్న ఉన్నది, జింక ఉన్నది, పులి ఉన్నది. ఆ బొమ్మలు వేసినోళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. గుట్టకు పేరు మాత్రం పాండవులది!

ఆ ఎరుపు ఇన్ని వేల ఏండ్లు ఎట్ల నిలిచింది? అది ఇనుము కలిసిన మన్ను. ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే ఎర్రబడుతుంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఇనుపరాయి ఉన్నదని మీకందరికీ తెలుసు. ఆ ఎరుపు, గుట్ట మీది ఎరుపు ఒక్క ఇంటి బిడ్డలే. ఇగ నలుపు సంగతి. భూపాలపల్లి గనుల్లో మనోళ్ళు తవ్వే బొగ్గులోనూ, గుడిసెలో దీపం మీద పట్టే మసిలోనూ ప్రధానంగా ఉండేది కార్బనే. పసుపు కొమ్ము నూరి వేసిన రంగు ఎండ తగిలితే తొందరగా వెలిసిపోతది. ఇనుము ఎరుపు, మసి నలుపు వెలవవు. శుభకార్యానికి పనికిరాదన్న నలుపే ఎక్కువ కాలం నిలుస్తున్నది. ఇది సైన్సు చెప్పే మాట.

ఆ మసినే రంగుగా చేసినోళ్ళు మన పక్కనే ఉన్నరు. చేర్యాల ఒకప్పుడు మన జనగామ తాలూకాలోదే. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు సిద్దిపేటలో కలిసింది. అక్కడి నకాశీ కళాకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, చెట్టు జిగురు కలిపి పూత మీద పూత పట్టించి ఎండబెడతరు. ఉడుత వెంట్రుకల కుంచెతో గీస్తరు. నలుపు దీపపు మసి నుంచి, తెలుపు గవ్వలు నూరి, ఎరుపు ఇంగిలీకం నుంచి, నీలం నీలిమందు నుంచి తీసేవాళ్ళు. మూడు అడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైగా పొడవు ఉండే పటం అట్ల తయారయ్యేది.

ఈ పటాలు ఎవరి కోసం వేశారు? డక్కలోళ్ళు మాదిగలకు జాంబపురాణం చెప్పడానికి. కూనపులోళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడానికి. గౌడజెట్టీలు గౌడులకు గౌడపురాణం చెప్పడానికి. కాకిపడగలోళ్ళు ముదిరాజులకు పాండవుల కథ చెప్పడానికి. అంటే అక్షరానికి దూరం పెట్టిన కులాలకు పటమే పుస్తకం. రాత్రంతా వాడ నడుమ పటం విప్పుకుంటూ పోతే, భూమి పుట్టక ముందే మన తాత జాంబవంతుడు పుట్టిండని మాదిగ పిల్లగాడు విన్నడు. బ్రాహ్మణ పురాణం నిన్ను పాదాల కింద పెడితే, ఈ పటం నిన్ను అందరికన్నా ముందు నిలబెట్టింది. కళ చేసిన పని అంటే ఇదీ.

అయితే ఆ పటంలోకి కూడా పైకులాల చూపు దూరింది. సాధారణంగా ఈ పటాల్లో దేవుళ్ళకు నీలం, దేవతలకు పసుపు, మనుషులకు లేత ఒంటిరంగు, రాక్షసులకు గోధుమ, ముదురు రంగులు వేస్తరు. నకాశీ కళాకారులను నిందించడం మా ఉద్దేశం కాదు. వాళ్ళు తరతరాలుగా వచ్చిన కట్టడిని పాటించినోళ్ళు. కాని ఒక ప్రశ్న అడగక తప్పదు. ఎండలో నాటేసే మనిషి ఒంటి రంగు రాక్షసుడి గిన్నెలోకి ఎట్ల పోయింది?

ఇది పాత ముచ్చట అనుకోకండి. మా బడిలో పిల్లలను మీ అమ్మ బొమ్మ వేయమంటే రంగుల డబ్బాలోంచి లేత గులాబీనే తీస్తరు. దాన్ని 'స్కిన్ కలర్' అంటరు. ఆ పిల్లల్లో ఒక్కరి తల్లి కూడా ఆ రంగులో లేదు! అమెరికాలో క్రేయోలా కంపెనీ అలాంటి లేత రంగునే 'ఫ్లెష్' అంటే 'ఒంటి రంగు' అనే పేరుతో అమ్మింది. నల్లజాతి ప్రజల పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, 1962లో, ఆ పేరు తీసేసి 'పీచ్' అని మార్చింది. మన పిల్లల నోట్లో ఆ మాట ఇంకా మారలేదు. తల్లి రంగును దాచిపెట్టి బొమ్మ వేయడం నేర్చిన పిల్ల, రేపు తల్లి పేరు చెప్పడానికి కూడా వెనకాడుతది.

ఈ పట్టాను తిరగరాసినోళ్ళు ఉన్నరు. కరీంనగర్ ప్రాంతం బూరుగుపల్లిలో 1942లో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం తెలంగాణ ఆడోళ్ళను నిండు నలుపులో, పెద్ద ఎర్రబొట్టుతో, ముదురు రంగు చీరల్లో వేసిండు. ఆ నలుపు చూస్తే మన అక్కలు యాదికొస్తరు. అయితే ఆ ఆడోళ్ళ చేతుల్లో కొడవలి ఎందుకు ఎక్కువగా కనిపించదని కూడా మనం అడగాలె. నాగపూర్ చిత్రకారుడు సవి సావర్కర్ అంటరాని మనిషిని మెడలో ముంతతో వేసిండు. దాన్ని చూసినోడు బాగున్నదని నవ్వుకుంటూ పోలేడు. 1989లో మన దళిత పక్షపత్రిక తన పేరే 'నలుపు' అని పెట్టుకున్నది. దళిత స్త్రీల రచనలను సేకరించిన గోగు శ్యామల ఆ సంకలనానికి 'నల్లపొద్దు' అని పేరు పెట్టింది. తిట్టుగా వాడిన రంగును పేరుగా పెట్టుకోవడం చిన్న పని గాదు.

నీలం కూడా అంతే. 1942లో అంబేడ్కర్ స్థాపించిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నీలిరంగు జెండా ఎత్తింది. దేవుళ్ళకు రాసిచ్చిన నీలం, సూటు వేసుకుని పుస్తకం పట్టుకున్న మనిషిదయింది.

ఇగ అసలు ప్రశ్న. బొమ్మ ఎందుకు వేయాలె? చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. చేసినోళ్ళకు నాలుగు రూపాయలు దొరకాలె. కాని ఇప్పుడు అమ్ముడుపోయేవి ఎక్కువగా గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలు. పటం షోరూముకు పోయింది, పటం విప్పి కథ చెప్పే డక్కలోళ్ళకు పిలుపు తగ్గింది. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అందరం సంతోషపడ్డం. అయితే ఒక్కరికి పతకం ఇస్తే మిగతా మేళాల కడుపులు నిండవు.

ఇంకో మాట చెబితే కొందరికి కోపం రావొచ్చు. మాదిగలకు పుట్టుపూర్వం చెప్పే డక్కలోన్ని మాదిగవాడ కూడా గడప దాటనియ్యలేదు. ఊరు మనల్ని వెలివేసింది, మనం మన కథ చెప్పేటోన్ని వెలివేసినం. కులం ఎట్ల మెట్టు కింద మెట్టు కట్టిందో అంబేడ్కర్ చెప్పింది ఇదే గదా! ఈ మెట్టు కూలకుండా జాంబపురాణం గొప్పదని ఎన్ని సభల్లో చెప్పినా ఉత్త మాటే.

అందుకని మీ ముందు నాలుగు పనులు పెడుతున్నం.

ఒకటి. ఏప్రిల్ 14కు విగ్రహాలకు రంగులు వేసేటప్పుడు బాబాసాహెబ్ ముఖానికి గులాబీ రంగు పూయకండి. మన మనిషిని మన రంగులోనే ఉంచండి.

రెండు. పిల్లలకు రంగు కలపడం నేర్పండి. ఎరుపు, పసుపు కలిపి కొంచెం నలుపు వేస్తే మన చేతి రంగు వస్తది. ఎవరి చెయ్యి పక్కన పెట్టుకుని వాళ్ళు కలుపుకోవాలె.

మూడు. వాడలో ఒక గోడను పటం లెక్క వరుసలుగా గీయండి. ఎవరు ఏ చెరువు తవ్విండ్రు, ఏ భూమి పోయింది, మొదట బడికి పోయినామె ఎవరు, అన్నీ బొమ్మలుగా రావాలె. వేసినోళ్ళ పేర్లు కింద రాయండి. పాండవుల గుట్ట లెక్క మళ్ళీ జరగొద్దు.

నాలుగు. మీ దగ్గరున్న డక్కలి పెద్దలను ఇంట్లోకి పిలవండి. పక్కన కూసోబెట్టుకుని అన్నం తినండి, కథ వినండి, ఫోనులో రికార్డు చేయండి, చెప్పినందుకు కూలి కట్టి ఇయ్యండి.

జనగామ నుంచి మహబూబాబాద్ దాకా, భూపాలపల్లి దాకా, వచ్చే ఏప్రిల్ నాటికి ఊరికి ఒక్క గోడ, వాడకు ఒక్క పటం కథ. ఇంతకంటే ఎక్కువ అడగడం లేదు.

జై భీమ్!