అడగని స్కోరు కోసం ఒక ఏడాది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాల్లో ఉన్నత విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను విద్యుత్ సబ్‌స్టేషన్ల పని చేసే ఇంజనీరును. 22 ఏళ్లుగా అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇంజనీరింగ్ గురించి చెప్పేవాళ్లు మన ఊళ్లో వీధికి పదిమంది ఉన్నారు కాబట్టి నేను నర్సింగ్ గురించి చెబుతాను. పరీక్షలో స్కోరు తక్కువొచ్చిన ఒక నర్సు పై చదువుకు ఎలా వెళ్లిందో, ఆ దారికి నేనెలా అడ్డం పడ్డానో చెబుతాను.

ఆ నర్సు నా చెల్లెలి కూతురు. చెల్లెలు కూడా ఈ బడిలోనే చదివింది. పదో తరగతిలో లెక్కలు తప్పి, సెప్టెంబరులో మళ్లీ రాసి పాసైంది. ఆ ఏడాదంతా నేను తనని 'సెప్టెంబరూ' అని పిలిచి ఏడిపించాను. హెడ్మాస్టరు గారి గది పక్కనున్న చెక్క బోర్డు మీద నా పేరుంది. తన పేరు లేదు. తను ఏఎన్ఎమ్ శిక్షణ పూర్తిచేసి, ఆరోగ్య ఉపకేంద్రంలో 30 ఏళ్లు ఉద్యోగం చేసింది.

మా మేనకోడలు బీఎస్సీ నర్సింగ్ చేసి, హైదరాబాదులో ఆరేళ్లు ఐసీయూలో పనిచేసింది. ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసై, రిజిస్టర్డ్ నర్సుగా టెక్సాస్ వచ్చింది. కొన్నాళ్లకి ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కావాలనుకుంది. వీళ్లు రోగిని పరీక్షిస్తారు, టెస్టులు రాస్తారు, మందులు రాస్తారు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టిన నర్స్ ప్రాక్టీషనర్ చదువులో ఇదొక శాఖ. దీనికి నర్సింగ్‌లో మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ కావాలి.

అమెరికాలో పై చదువనగానే నాకు తెలిసింది జీఆర్ఈ. రాయమన్నాను. ఇంగ్లీషుకీ లెక్కలకీ విడివిడిగా 130 నుంచి 170 దాకా స్కోరు ఇస్తారు. మా అమ్మాయికి ఇంగ్లీషులో 143, లెక్కల్లో 142 వచ్చాయి. మొత్తం 285. నేను ఆ కాగితం చూసి, "ఈ స్కోరుతో ఎవరూ తీసుకోరమ్మా. ఏడాది ఆగి మళ్లీ రాయి" అన్నాను. పుస్తకాలు కొన్నాను, టైంటేబుల్ వేశాను. పన్నెండు గంటల నైట్ డ్యూటీ చేసొచ్చి, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసేది. చేతిలో పెన్సిల్ ఉండగానే నిద్రపోయేది. రెండోసారి 288 వచ్చింది. ఏడాదికి మూడు పాయింట్లు.

ఆ రోజు తనొక మాట అడిగింది. "మావయ్యా, అసలు వాళ్లు ఈ స్కోరు అడిగారా?"

నేను చూడలేదు. అప్పుడు కూర్చుని ఒక్కొక్క కాలేజీ నిబంధనలు చదివాను. నేను రాసుకున్న ఆరు కాలేజీల్లో నాలుగు జీఆర్ఈ అడగనే అడగవు. ఒకటి, డిగ్రీలో జీపీఏ 3.0 దాటితే మినహాయిస్తుంది. ఆరింటిలో ఒక్కటే తప్పనిసరి అంటోంది. ఆ పిల్ల ఏడాది నిద్ర నేను పోగొట్టాను. సబ్‌స్టేషన్‌లో ఏ మీటరు ఏం కొలుస్తుందో తెలియకుండా నేను స్విచ్చి మీద చెయ్యి వెయ్యను. ఇంట్లో మాత్రం ఒక అంకె చూసి మనిషిని ఆపేశాను.

తర్వాత మేం చేసినవి చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. మొదట, స్కోరు అడగని కాలేజీలను వేరుచేశాం. వాటికి సీసీఎన్‌ఈ గానీ ఏసీఈఎన్ గానీ గుర్తింపు ఉందో లేదో చూశాం. గుర్తింపు లేని చోట చదివితే చివర్లో సర్టిఫికేషన్ పరీక్షకి కూర్చోనివ్వరు. క్లినికల్ శిక్షణకు చోటు కాలేజీ చూపిస్తుందా, మనమే వెతుక్కోవాలా అని అడిగాం. స్కోరు తప్పనిసరన్న కాలేజీకి ఫీజు కట్టేముందే, "కనీస స్కోరు ఎంత? తక్కువైతే మిగతావి చూస్తారా?" అని మెయిల్ రాశాం. చూస్తామన్నారు.

లెక్కల మీద అనుమానం రాకుండా, డిగ్రీతో సంబంధం లేకుండా ఒక స్టాటిస్టిక్స్ కోర్సు విడిగా చేసింది. ఏ గ్రేడు వచ్చింది. సిఫారసు ఉత్తరం నాకు తెలిసిన పెద్ద డాక్టరు చేత రాయిద్దామన్నాను. తను వద్దంది. రోజూ తన పని చూసే నర్స్ మేనేజర్ చేత రాయించుకుంది. దరఖాస్తు వ్యాసంలో స్కోరు గురించి రెండే వాక్యాలు రాసింది. సాకులు చెప్పలేదు. మిగతాదంతా ఐసీయూలో తను చూసిన రోగుల గురించి, ఈ చదువు ఎందుకు కావాలో దాని గురించి.

జీఆర్ఈ మళ్లీ రాయడం తప్పని నేననను. 21 రోజుల తేడాతో, 12 నెలల్లో ఐదుసార్ల దాకా రాయొచ్చు. ఏ రోజు రాసిన స్కోరు పంపాలో మనమే ఎంచుకోవచ్చు. కానీ ఈసారి ఏం మారుతుందో చెప్పగలిగితేనే రాయాలి.

ఐదు కాలేజీలకు దరఖాస్తు పెట్టింది. మూడు కాదన్నాయి. ఒకటి వెయిటింగ్ లిస్టులో పెట్టింది. ఒకటి సీటిచ్చింది. ఇప్పుడు రెండో ఏడాది. ఉద్యోగం చేస్తూనే చదువుతోంది. ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ స్కోరు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. పెద్ద పెద్ద ఇంగ్లీషు వ్యాసాలు వేగంగా చదవడం తనకి కష్టమే. మొదటి సెమిస్టరులో ఇబ్బంది పడింది. కాలేజీలో రాతకు సాయంచేసే కేంద్రానికి వారంవారం వెళ్లి సరిచేసుకుంది. లోపం ఎక్కడుందో స్కోరు చెప్పింది. ఆ పిల్లకి ఈ చదువు తగదని స్కోరు ఎక్కడా చెప్పలేదు. ఆ మాట అన్నది నేను.

పిల్లలూ, మార్కులు అక్కర్లేదని చెప్పడానికి నేను రాలేదు. బాగా చదవండి. తక్కువొస్తే మాత్రం, మా లాంటి మావయ్యలు తలుపు మూసేముందు, ఆ తలుపుకి అసలు గడియ ఉందో లేదో మీరే వెళ్లి చూడండి. అడగాల్సిన వాళ్లనే అడగండి.

సంఘం పెద్దలకు ఒక విన్నపం. మనం ఏటా మొదటి ముగ్గురికి బహుమతులిస్తున్నాం. ఇవ్వాల్సిందే. దాంతోపాటు, టెన్త్ తప్పి మళ్లీ రాసి పాసైన పిల్లల్లో ఇద్దరికి తర్వాతి చదువు ఫీజు మన సంఘం కట్టాలని కోరుతున్నాను. మొదటి ఐదేళ్ల ఖర్చు నేను భరిస్తాను.

దానికి ఏ పేరు పెట్టాలో మా చెల్లెల్ని అడిగాను. మూడో వరసలో కూర్చుంది, చూడండి. "పేరెందుకు అన్నయ్యా, సెప్టెంబరులో ఫీజు కట్టే గడువుంటుంది, ఆ లోపల డబ్బు అందేలా చూడు చాలు" అంది.

అలాగే చూస్తాను.