మట్టికుండలో దాచిన పత్రం: ఇంటి కంప్యూటర్‌లో కాగితాలు దొరికేలా పెట్టుకోవడం

(ధర్మపురి జిల్లా ఏ. పళ్లిపట్టిలో తెలుగు యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు అంశం విని మీలో కొందరు నవ్వుకున్నారని మాకు తెలుసు. పాస్టర్ అయ్యగారు వచ్చి కంప్యూటర్‌లో ఫైళ్లకు ట్యాగులు పెట్టడం గురించి మాట్లాడతారట, ఇదేం వాక్యపరిచర్య అని అనుకుని ఉంటారు. ముందు మా తప్పు ఒకటి ఒప్పుకుంటాం. అది విన్నాక ఇది పరిచర్యో కాదో మీరే చెప్పండి.

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో విధవరాలైన ఒక పెద్దమ్మ తన భర్త పేరున ఉన్న ముక్కాలు ఎకరం పట్టాను తన పేరుకు మార్చమని అర్జీ పెట్టుకుంది. అర్జీ రాసిపెట్టింది మేమే. కార్యాలయంలో ముద్ర వేసి ఇచ్చిన రసీదును మా ఫోనుతో ఫొటో తీసి, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేశాం. "అయ్యగారూ, ఇంట్లో ఉంటే వానకు తడిసిపోతుంది, మీ దగ్గరే ఉండనీయండి" అని ఆమె అసలు కాగితం కూడా మాకే ఇచ్చింది. ఆ తర్వాత మేము ఇల్లు మారాం. ఆ సందడిలో అసలు కాగితం పోయింది. ఫొటో ఉంది కదా అని మేము ధైర్యంగా ఉన్నాం.

ఏడాదిన్నర తర్వాత భర్త అన్నదమ్ములు అడ్డుపడ్డారు. విచారణ తేదీ వచ్చింది. "నువ్వసలు అర్జీ పెట్టలేదు" అన్నారు. ఆమె మా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. మేము కంప్యూటర్ ముందు కూర్చున్నాం. రాత్రి రెండు గంటల దాకా వెదికాం. "న్యూ ఫోల్డర్", "న్యూ ఫోల్డర్ 2", "పాతవి", "పాతవి అన్నీ" అంటూ ఎన్నో ఉన్నాయి. వాటి నిండా అంకెలే పేర్లుగా ఉన్న ఫొటోలు. బాప్తిస్మాల ఫొటోలు, పెళ్లిళ్ల ఫొటోలు, సేవకుల కూడికల ఫొటోలు వేలకు వేలు. రసీదు మాత్రం దొరకలేదు. తెల్లారి ఆమె వట్టి చేతులతో విచారణకు వెళ్లింది. నాలుగు రోజుల తర్వాత అది "క్రిస్మస్ డ్రామా" అనే ఫోల్డర్‌లో కనబడింది. అంతకాలమూ అది మా ఇంట్లోనే ఉంది, కానీ ఆమెకు పనికిరాలేదు. మళ్లీ అర్జీ పెట్టి, మళ్లీ తిరిగి పని అయ్యేసరికి ఆమెకు ఎన్ని రోజుల కూలి పోయిందో మాకు తెలుసు. ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ.

కనుక యౌవనస్థులారా, దాచడం వేరు, దొరికేలా దాచడం వేరు.

యిర్మీయా 32వ అధ్యాయం చూడండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. ప్రవక్త చెరసాల ప్రాకారంలో ఉన్నాడు. అలాంటి సమయంలో అనాతోతులో ఉన్న పొలాన్ని హనమేలు దగ్గర 17 తులాల వెండికి కొన్నాడు. సాక్షులను పెట్టాడు, వెండి తూచి ఇచ్చాడు, పత్రం రాయించాడు. ఆ పత్రం ఒకటి కాదు, రెండు. ఒకటి ముద్ర వేసింది, ఒకటి ముద్ర లేకుండా తెరిచి ఉన్నది. రెండింటినీ బారూకు చేతికిచ్చి, చాలా కాలం ఉండేలా మట్టికుండలో పెట్టమన్నాడు. ఆ రోజుల్లో మట్టికుండే వాళ్ల హార్డ్ డిస్క్. దేశం కూలిపోతున్నప్పుడు కూడా దేవుని మనిషి భూమి పత్రాన్ని పట్టించుకున్నాడు. నిరీక్షణ ఉన్నవాడే రసీదు దాచుకుంటాడు.

ఎజ్రా 6వ అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది. దేవాలయం కట్టడానికి మీకు సెలవు ఎవరిచ్చారని అధికారులు యూదులను నిలదీశారు. కోరెషు ఇచ్చిన ఆజ్ఞ ఉందని వాళ్లు చెప్పారు. దర్యావేషు వెదకమన్నాడు. బబులోనులో వెదికించారు. చివరికి మాదీయుల దేశంలోని కోటలో దొరికింది. ఒక చోట ఉంటుందనుకున్నది ఇంకో చోట దొరికింది, అచ్చం మా క్రిస్మస్ డ్రామా ఫోల్డర్ లాగే! ఆ గ్రంథపు చుట్ట దొరక్కపోతే ఆ పని ఆగిపోయేదే.

ఇప్పుడు మన చుట్టుపక్కల చూద్దాం. ఇక్కడికి దగ్గర్లోనే చిత్తేరి కొండల కింద వాచాత్తి ఉంది. 1992 జూన్ 20న గంధపు చెక్కల సోదా పేరుతో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ గిరిజన గ్రామం మీద పడ్డారు. ఇళ్లు ధ్వంసం చేశారు, 18 మంది స్త్రీలపై అత్యాచారం జరిగింది. 269 మంది నిందితుల్లో 54 మంది విచారణ ముగియకముందే చనిపోయారు. మిగిలిన 215 మందినీ 2011 సెప్టెంబర్ 29న ధర్మపురి న్యాయస్థానం దోషులుగా తేల్చింది. మద్రాసు హైకోర్టు 2023 సెప్టెంబర్ 29న ఆ తీర్పును నిలబెట్టింది. లెక్క వేయండి, 31 ఏళ్లు! న్యాయం అంత ఆలస్యంగా వచ్చే దేశంలో ఒక అర్జీ నకలు, ఒక వైద్య పత్రం, ఒక ఫొటో 31 ఏళ్లు బతికి ఉండాలి. పేదవాడి కాగితం అంతకాలం ఎక్కడ ఉంటుంది? ఈ రోజుల్లో చాలాసార్లు చదువుకున్న మీ ఇంటి కంప్యూటర్‌లోనే ఉంటుంది.

పంచమి భూముల సంగతి కూడా అంతే. చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ 1891లో ఇచ్చిన నివేదిక తర్వాత, 1892లో మద్రాసు ప్రభుత్వం అణగారిన కులాలకు భూములిచ్చే ఉత్తర్వు చేసింది. ఇతరులకు అమ్మకూడదన్న షరతు కూడా ఉంది. అయినా ఆ భూములు చేతులు మారిపోయాయి. వాటిని తిరిగి అడగాలంటే మొదట చూపించాల్సింది పాత రికార్డే. 2018లో సేలం–చెన్నై ఎనిమిది వరుసల రహదారికి భూసేకరణ ప్రకటనలు వచ్చినప్పుడు మన జిల్లా రైతులు కూడా పట్టాలు, చిట్టాలు పట్టుకుని తిరిగారు. కాగితం లేనివాడి మాటకు విలువ లేదు.

సరే, ఏం చేయాలి? నాలుగైదు సంగతులు చెబుతాం.

మొదటిది, పేరు. ఫోను ఇచ్చిన అంకెల పేరును అలాగే ఉంచకండి. ముందు తేదీ పెట్టండి: ఏడాది, నెల, రోజు, ఆ వరుసలో. అలా పెడితే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. తర్వాత ఏం కాగితం, ఎవరిది, ఏ ఊరు అని. "2019-06-14 పట్టా అర్జీ రసీదు ఏ. పళ్లిపట్టి" అని ఉంటే ఆ రాత్రి మాకు ఒక్క నిమిషం పట్టేది. తేదీ ఎందుకంత ముఖ్యం? 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రెండో అప్పీలు. తేదీ మరిచిపోతే హక్కు చేజారినట్టే.

రెండోది, ట్యాగు. ఫోల్డర్ అంటే బీరువాలో అర. ఒక కాగితం ఒక అరలోనే ఉంటుంది. కానీ ఆ పెద్దమ్మ రసీదు భూమికి సంబంధించినది, విధవరాలికి సంబంధించినది, రెవెన్యూ కార్యాలయానికి సంబంధించినది, ఇంకా పని తేలనిది. ఏ అరలో పెడతారు? మన సంఘంలో ఒకే అన్న క్వయర్‌లో పాడతాడు, కూలి సంఘంలో ఉంటాడు, ముగ్గురు పిల్లల తండ్రి. ఏ పేరుతో పిలిచినా పలుకుతాడు. ట్యాగు అంటే అలా పిలిచే పేరు. విండోస్ కంప్యూటర్‌లో ఫొటో మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కు వెళితే ట్యాగ్స్ అని ఒక గడి కనిపిస్తుంది. అందులో మాటలు రాసి మధ్యలో సెమికోలన్ పెట్టండి. జేపెగ్ ఫొటోలకు, వర్డ్ ఫైళ్లకు ఇది పనిచేస్తుంది. పీడీఎఫ్‌కు అక్కడ రాయనివ్వదు, కాబట్టి ఆ మాటలను ఫైలు పేరులోనే చేర్చండి. ఫైలు ఏ కంప్యూటర్‌కు వెళ్లినా పేరు దానితో పాటే వెళుతుంది.

మూడోది, ఒకే మాట, ఒకే అక్షరక్రమం. ఇది మన తెలుగువాళ్లకు, అందులోనూ తమిళనాడు తెలుగువాళ్లకు పెద్ద చిక్కు. ఇంట్లో తెలుగు, కార్యాలయంలో తమిళం, ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు. ఈ ఊరి పేరే చూడండి. "పళ్లిపట్టి" అని ఒకరు, "పళ్ళిపట్టి" అని ఇంకొకరు రాస్తారు. మనం రెండూ ఒకటే అని చదువుతాం, కంప్యూటర్‌కు అవి రెండు వేరు మాటలు. ఇంగ్లీషులో ఒకరు మధ్యలో ఒక 'పి' పెడతారు, ఒకరు రెండు పెడతారు. అందుకని పదిహేను మాటల కంటే మించని పట్టిక ఒకటి తయారు చేయండి: పట్టా, అర్జీ, రసీదు, జవాబు, కులపత్రం, రేషన్, చదువు, వైద్యం, కోర్టు, పెండింగ్, ముగిసింది, ఇలా. ఆ పట్టికను కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన గోడకు అంటించండి. ఇంట్లో ఎవరు ఫైలు పెట్టినా ఆ మాటలే వాడాలి.

నాలుగోది, వెదకడం ఎలా జరుగుతుందో తెలుసుకోండి. మనం బైబిలులో ఒక మాట ఎక్కడుందో చూడాలంటే పదానుక్రమణిక తిప్పుతాం. అలెగ్జాండర్ క్రూడెన్ 1737లో ఇంగ్లీషు బైబిలుకు అలాంటిది అచ్చువేశాడు. ఆయన ముందే ఏళ్ల తరబడి కూర్చుని రాసిపెట్టాడు కాబట్టి మనకు క్షణంలో దొరుకుతుంది. కంప్యూటర్ చేసేదీ అదే. ముందే చదివి సూచిక రాసుకుంటుంది. సాధారణంగా మీ డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి చోట్లనే అలా చదువుతుంది. ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో పెట్టి, కంట్రోల్ ప్యానెల్‌లోని ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో దాన్ని చేర్చకపోతే, లోపలి మాటలు దొరకవు.

ఇంకో మాట. స్కాన్ చేసిన కాగితం కంప్యూటర్‌కు ఒక బొమ్మ మాత్రమే. అందులో అక్షరాలున్నాయని దానికి తెలియదు. అక్షరాలను గుర్తించే పద్ధతిని ఓసీఆర్ అంటారు. టెసెరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు, తమిళం రెండూ చదువుతుంది. తప్పులు వస్తాయి, చేతిరాత దగ్గర మరీ తడబడుతుంది. అందుకే పేరు, ట్యాగు మనమే పెట్టాలి. అలాగే మన సంఘాల పాత పత్రికలు, కరపత్రాలు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఇంగ్లీషు గుర్తులే. యూనికోడ్‌లోకి మార్చేదాకా "దళిత" అని వెదికితే ఒక్కటీ దొరకదు. మన పెద్దల పోరాటాల చరిత్ర అలా మూగదై పడి ఉంది. ఆ పని మీ తరం చేయాలి.

ఐదోది, కాపలా. యిర్మీయా రెండు ప్రతులు చేయించాడు. మీరు మూడు చేయండి: కంప్యూటర్‌లో ఒకటి, బయటి డిస్క్‌లో ఒకటి, వేరే ఇంట్లో ఒకటి. అసలు కాగితాన్ని మాత్రం ఎవరిది వాళ్లకు తిరిగి ఇచ్చేయండి, మాలాగా దగ్గర పెట్టుకోవద్దు. ఆధార్, బ్యాంకు కాగితాలున్న డిస్క్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. లైంగిక హింసకు గురైన ఆడపిల్ల పేరు ఫైలు పేరులోగానీ ట్యాగులోగానీ ఎప్పుడూ రాయకండి, ఒక సంఖ్య వాడండి. ఆమె ఎవరో బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. వెదకడం సులువు చేసినప్పుడు, వెదకకూడని వాళ్లకూ సులువవుతుందని గుర్తుంచుకోండి.

ప్రియులారా, లూకా 15లో నాణెం పోగొట్టుకున్న స్త్రీ దీపం వెలిగించింది, ఇల్లు ఊడ్చింది, దొరికేదాకా జాగ్రత్తగా వెదికింది. దొరికినప్పుడు పొరుగువాళ్లను పిలిచి సంతోషించింది. నాణెం ఇంట్లోనే ఉంది, అయినా దీపం కావాల్సి వచ్చింది. మీ చదువే ఆ దీపం.

కాబట్టి మేము అడిగేది ఒక్కటే. ఈ శనివారం సాయంత్రం ఒక గంట కంప్యూటర్ ముందు కూర్చోండి. మీ ఇంటివి పది కాగితాలు, మీ వీధిలో చదువురాని ఒక కుటుంబానివి పది కాగితాలు తీసుకుని, వాళ్ల అనుమతితో స్కాన్ చేసి పేర్లు, ట్యాగులు పెట్టండి. అసలువి వాళ్ల చేతికిచ్చి రండి. వచ్చే వారం ఇంకో కుటుంబం.

ఆ పెద్దమ్మ ఇప్పటికీ ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చుంటుంది. మొన్న ఆమె మనవరాలి కులపత్రం కావాల్సి వచ్చింది. "అయ్యగారూ, ఈసారైనా దొరుకుతుందా?" అని నవ్వుతూ అడిగింది. ఆమె చెప్పులు వేసుకునేలోపే ప్రింట్ తీసి ఇచ్చాం. ఆమె నవ్వింది, మేము మాత్రం ఆ రాత్రిని తలచుకుని తలదించుకున్నాం.

చిన్న పనిలో నమ్మకంగా ఉండే కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.