సంగటి మానినవారి ఆకలి లెక్క

మా ఉరవకొండ వైపు బువ్వ యనగా సంగటి ముద్దయే. వాన మొగము చాటేసిన ఏండ్లెన్నో చూచితిమి. కడుపు మాడ్చుకొనుట మాకు క్రొత్త విద్య కాదు. అట్టి మేమే ఇప్పుడు ఒళ్లు తగ్గుటకై ముద్దను కోరి దూరము చేయుచున్నాము! 1863లో లండనులో విలియం బాంటింగు అను స్థూలకాయుడు రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు మాని చిక్కిన కథను అచ్చువేయించెను. 2017, 18 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారి ఉపన్యాసములతో ఆ మాట మన యిళ్లకును వచ్చినది.

మాలో పలువురము ముద్ద మానితిమి గాని నూనె యన్న భయము మానలేదు. పది దినములకే కండ్లు తిరిగెను, మోకాళ్లు వణకెను. లెక్క చూడుడు. దినమునకు 300 గ్రాముల పిండి, బియ్యము మానినచో సుమారు 1000 క్యాలరీలు పోవును. నెమ్మదిగా తగ్గుటకు 500 లోటు చాలును. తక్కిన 500 తిరిగి కడుపున పడవలెను. లేనిచో క్రొవ్వుతోపాటు కండయు కరగును. గ్రాము పిండిపదార్థము 4 క్యాలరీలిచ్చును, గ్రాము క్రొవ్వు 9. కావున పెద్ద గిన్నె అక్కరలేదు. మన చేని బుడ్డల విత్తులు 50 గ్రాములకు 280, రెండు గ్రుడ్లకు 150, రెండు చిన్న చెంచాల నూనెకు 90. గ్రుడ్డు ముట్టనివారికి పెరుగు, పనీరు ఉండనే యున్నవి.

మధుమేహమునకు మందు మ్రింగువారు, ఇన్సులిను పొడిపించుకొనువారు వైద్యుని అడుగక ముద్ద మానరాదు. రక్తమున చక్కెర మరీ పడిపోవచ్చును. మా యింటి పెద్దలకు చిన్న ముద్ద నుంచి, ప్రక్కన ఊరిబిండి పెంచితిమి.